చనువా గంట

సిల్‌ఖేత్
1909 జూన్, ఆషాఢం మొదలు

ఖీమూ,

లోహనీ పంతులు పైన నాలుగు వరుసల సంస్కృతం రాయబోతే వద్దన్నాను. నువ్వు నా తమ్ముడివి, దేవుడివి కావు. పంతులికి అది నచ్చలేదు. మూతి ముడుచుకుని రాస్తున్నాడు. ఈ ముక్క కూడా రాయమన్నాను, రాశాడు.

మేం బాగున్నాం. మీ బావ పటాలం నుంచి ఉత్తరం రాసి చాలా కాలమైంది. చలికాలంలో మంచు తక్కువ పడింది, గడ్డి చాల్లేదు. కొట్టంలో నాలుగు నోళ్ళు. ఎడ్లు గోరా, ఖైరా లేకపోతే గోధుమ చేలు దున్నలేం, ఆ జతని ఎవరూ అమ్మరు. ధౌళీ మళ్ళీ కడుపుతో ఉంది. మిగిలింది ధౌళీ కిందటి ఈత దూడ, చనువా. మామగారు వాణ్ణి పశువులు కొనే గుత్తేదారుకు అమ్మేశారు.

నేను రెండు పూటలు పొయ్యి రాజేయలేదు. తర్వాత గుత్తేదారు మనిషి "మీ తమ్ముడు పనిచేసే సూదిబంగళాకే తోలుతున్నాం" అన్నాడు. అప్పుడు కొంచెం నయమనిపించింది. పరాయి ఇంటికి పోవడం కాదు గదా, మేనమామ దగ్గరికి పోవడం.

వాడి నుదుట తెల్లమచ్చ ఉంటుంది. మెడకు కంచు గంట కట్టాను, మన అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. ఈలవేస్తే గాని నీళ్ళు తాగడు. ఉప్పు అరచేతిలో పెట్టి ఇవ్వు, తొట్టిలో వేస్తే ముట్టడు. అక్కడ వాడితో ఏం పని చేయిస్తారు? బండి లాగిస్తారా, దొరగారి బంగాళాదుంపల మడి దున్నిస్తారా? నువ్వు అక్కడ చేరి ఇంతకాలమైనా ఏం పని చేస్తున్నావో ఇంటికి ఎప్పుడూ రాయలేదు. అందరూ అడుగుతారు. ఈసారి రాయి.

నీ అక్క
జసులి

(పేడ చేతులతో పక్కన కూర్చుని చెబుతుంటే విని రాసినవాడు లోహనీ.)


కొండమీది ల్యాబొరేటరీ
3 జూలై 1909

అక్కా,

నీ ఉత్తరం, చనువా ఒకే వారంలో వచ్చారు. ముందు చనువా వచ్చాడు. మందలో గంట మోత విని చూశాను. మచ్చ చూడకముందే అమ్మ గంట అని తెలిసింది. ఈలవేస్తే తాగాడు.

అడిగావు గనక ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇక్కడ బండి లేదు, నాగలి లేదు. పశువులకు వచ్చే పెద్దరోగానికి మందు చేస్తారు. కళ్ళవెంట నీళ్ళు కారి, నోరు పుండై, పారుకుని చస్తాయే, ఆ రోగం. మన కొండ పశువుకు అది అంటితే దాదాపుగా బతకదు. మైదానం ఎద్దులు చాలావరకు తట్టుకుంటాయి. అందుకని ఇక్కడ రెండు రకాల పశువులూ ఉంటాయి.

మందు చేయాలంటే రోగం ఎప్పుడూ చేతిలో ఉండాలి. అందుకని ఒక కొండ దూడ నుంచి ఇంకో కొండ దూడకు ఎక్కిస్తూ దాన్ని బతికించి ఉంచుతారు. నువ్వు పొయ్యిలో నిప్పును బూడిద కింద దాచి, పొద్దున దాన్నే ఊది రాజేస్తావు చూడు, అలా. జబ్బుపడిన దూడ రక్తం తీసి, రోగాన్ని తట్టుకున్న మైదానం ఎద్దులకు కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కిస్తారు. వాటి ఒంట్లో రోగాన్ని ఆపే బలం పెరుగుతుంది. తర్వాత వాటి మెడ నరం నుంచి రక్తం తీసి జాడీల్లో చల్లగా ఉంచుతారు. అది గడ్డకడితే పైన ఎండుగడ్డి రంగు నీళ్ళు తేలతాయి. దాన్నే సీరం అంటారు. సీసాల్లో పోసి దేశమంతా పంపుతారు. ఆ ఎద్దులు చావవు. కొండ దూడలే పోతాయి.

నా పని వాటికి మేత వేయడం, జ్వరం చూడడం, కట్టడం, విప్పడం.

చనువా వంతు ఈ నెలలో వస్తుంది. వాణ్ణి వదిలేయమని హెడ్ అసిస్టెంటును అడిగాను. "నీ అక్క దూడ వద్దంటే ఇంకెవరి అక్క దూడని తెమ్మంటావు?" అన్నాడు. బండి లాగుతున్నాడని నీకు రాయవచ్చు. కానీ మామగారు వచ్చే ఏడు ఇంకో దూడను అమ్ముతారు, నువ్వు సంతోషంగా పంపుతావు. అందుకని రాయలేదు.

కొట్టంలో పశువుల మెడకు ఏదీ ఉంచరు. గంట విప్పి నా దగ్గర పెట్టుకున్నాను.

ఖీమ్‌సింగ్


సిల్‌ఖేత్
1909 జూలై, శ్రావణం

ఖీమ్‌సింగ్‌కు,

నీ ఉత్తరం పంతులు ఎప్పటిలాగే మా వాకిట్లో కూర్చుని పైకి చదివాడు. ఎప్పటిలాగే ఊరంతా ఉంది. నిప్పు మాట దగ్గర ఆగాడు. ముసలమ్మలు వదల్లేదు, చదవమన్నారు. చదివాడు.

వాడికి ఉప్పు అరచేతిలో పెట్టావా లేదా రాయలేదు. పెట్టే ఉంటావు. అరచేతిలో ఉప్పు పెట్టి, ఈలవేసి నీళ్ళు తాగించి, తర్వాత తాడు విప్పి వాళ్ళ చేతికి ఇస్తావు. అది నీ ఉద్యోగం. తెలిసింది.

ఇంక రాయకు.

జసులి

(ఖీమ్‌సింగ్‌గారికి లోహనీ సొంతంగా రాసుకునేది: తప్పు నాది. ముందు నాలో నేను చదువుకుని ఉండాల్సింది. ఇప్పుడు ఊళ్ళో పెద్దరోగం మీ కొండ మీదే పుట్టిస్తారనీ, మీరే దాన్ని ఊదుతుంటారనీ అనుకుంటున్నారు. ఆ ఊదే మాట మీదే గనక కాదనలేకపోయాను. మీరు పండక్కి వస్తే వంతెన దగ్గరే ఆపాలని పంచాయతీలో అనుకున్నారు. మీ అక్క అందుకు ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు.)


కొండమీది ల్యాబొరేటరీ
11 ఆగస్టు 1909

అక్కా,

రాయవద్దన్నావు. రెండు సంగతులున్నాయి, అవి రాసి ఆపుతాను.

ఒకటి. చనువా పోయాడు. జ్వరం వచ్చాక మేత మానేశాడు, ఉప్పు మాత్రం నాకాడు. అవును, అరచేతిలోనే పెట్టాను. వాడి రక్తం ఇక్కడి ఎద్దులకు వెళ్ళింది.

రెండు. మైదానం సంత నుంచి నదివెంట పైకి వచ్చే పశువుల్లో పెద్దరోగం ఉందని కింది ఠాణాల నుంచి ఇక్కడికి కబురు వచ్చింది. మా కొట్టం నుంచి బతికి బయటికి వెళ్ళే దూడ లేదు, చచ్చినదాన్ని సున్నం వేసి లోతుగా పూడుస్తారు, మా చెప్పులు కూడా మందునీళ్ళలో ముంచాకే గేటు దాటాలి. అది మా దగ్గర్నుంచి రాలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా అది మన లోయలోకి వస్తుంది.

డాక్టరు దొరగారిని అడిగాను. రోగం సిల్‌ఖేత్ దాకా వస్తే పశువుల అసిస్టెంటు హమీదుల్లాను సీరంతో పంపుతానన్నారు. బరేలీ మనిషి, తొందరెక్కువ, మాట తక్కువ. వస్తే తలుపు వేయకు.

ఖీమ్‌సింగ్


సిల్‌ఖేత్
1909 సెప్టెంబరు, భాద్రపదం చివర

ఖీమూ,

వచ్చింది. ముందు బచీసింగ్ గేదెకు. తర్వాత కిందివాడలో రెండిళ్ళకు. జబ్బు పశువుల్ని వాగు ఒడ్డున కట్టాలని, మంచివాటిని పైన అడవిలో ఉన్న వేసవి దొడ్డికి తోలాలని పంచాయతీలో అన్నారు. నీ పేరు కూడా వచ్చింది. ఏమన్నారో రాయించను.

నీ హమీదుల్లా వచ్చాడు. సగం ఊరు తలుపులు వేసుకుంది. మామగారు నన్ను లోపలికి పొమ్మన్నారు. నేను కొట్టం తలుపు తీశాను. "ఆ సీసాలో ఏముందో తెలిసే తీస్తున్నావా?" అన్నారు. తెలుసు అన్నాను. "మన చనువా ఉన్నాడు అందులో. వాడి తల్లికి కాకపోతే ఇంకెవరికి వేస్తారు?" అన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నారు. ధౌళీ కొమ్ములు నేనే పట్టుకున్నాను. హమీదుల్లా దానికి, గోరాకు, ఖైరాకు కూడా సూది పొడిచాడు. ఇంకో నాలుగిళ్ళవాళ్ళు నన్ను చూసి వేయించారు.

అంతవరకు బాగానే ఉంది. పెట్టె మూసి వెళుతూ ఏమన్నాడో తెలుసా? "ఇప్పుడు వీటిని వాగు దగ్గరికి తోలి జబ్బువాటితో కలిపి కట్టండి. ఒకే తొట్టిలో మేపండి" అన్నాడు. బచీసింగ్ కర్ర తీశాడు. పంతులు అడ్డం పడకపోతే నీ హమీదుల్లా వీపు పగిలేది. పెట్టె చంకన పెట్టుకుని పై ఊరికి పరుగెత్తాడు.

వాడు ఎగతాళి చేశాడా? లేక నిజంగా అదే మందా? రోగం రాకుండా సూది వేసి, ఆ వెంటనే రోగం పక్కన కట్టడమేమిటి? మామగారు ఎడ్లను పైకి తోలడానికి తాళ్ళు పేనుతున్నారు. ధౌళీ చూలుతో ఉంది, ఆ ఎక్కుడు ఎక్కించలేం, అది కొట్టంలోనే ఉంటుంది.

రాయవద్దన్నానని ఊరుకోకు. చనువా సంగతి దాచకుండా రాశావు గనకే అడుగుతున్నా.

జసులి


కొండమీది ల్యాబొరేటరీ
14 సెప్టెంబరు 1909

అక్కా,

ఇది లోహనీ పంతులుగారు అందరి ముందూ చదవాలి. నిప్పు మాట కూడా వదలకుండా చదవాలి.

హమీదుల్లా ఎగతాళి చేయలేదు. కారణం చెప్పే వ్యవధి మీరు అతనికి ఇవ్వలేదు.

సూదితో ఎక్కించిన బలం ఆ పశువుది కాదు, ఇక్కడి ఎద్దుల దగ్గర అరువు తెచ్చింది. పది రోజులు, మహా అయితే రెండు వారాలు ఉంటుంది. ఆ లోపల రోగం అంటితే, అరువు బలం సాయంతో పశువు దాన్ని తేలిగ్గా దాటుతుంది. కాస్త జ్వరం, కాస్త కంటినీరు. దాటినదానికి సొంత బలం వస్తుంది, అది బతికినంతకాలం పోదు. ఆ లోపల రోగం అంటకపోతే అరువు తీరిపోతుంది. అప్పుడు ఆ పశువు సూది వేయించుకోని పశువుతో సమానం.

ఇక్కడ దూడల్లో నిప్పును ఆరకుండా ఉంచుతామని రాశాను. నిజమే. ఆ నిప్పుతోనే మైదానం ఎద్దులకు బలం ఎక్కిస్తాం. సూది వేసిన పశువుకు కూడా అదే నిప్పు సెగ తగలాలి. ఇప్పుడే తగలాలి.

కాబట్టి ధౌళీని, గోరాను, ఖైరాను వాగు దగ్గరికి తీసుకెళ్ళు. ఊరు ఒప్పుకోకపోతే ఒక గుడ్డ తీసుకెళ్ళి, జబ్బు పశువు నోరు, ముక్కు తుడిచి, ఆ గుడ్డతో మనవాటి ముక్కు, నాలుక తుడువు. అది చాలు. ధౌళీ కడుపుతో ఉంది గనక దానికి ఇబ్బంది ఉండదని మాట ఇవ్వలేను. తుడవకపోతే మాత్రం ఏమవుతుందో మీ కళ్ళముందే ఉంది.

టపా మనిషితో ఆగకుండా వెళ్ళమని చెప్పి పంపుతున్నాను.

ఖీమ్‌సింగ్


సిల్‌ఖేత్
1909 అక్టోబరు, ఆశ్వయుజం

ఖీమూ,

నీ ఉత్తరం సరిగ్గా ఖతరువా పండగ రోజు వచ్చింది. పిల్లలు అప్పటికే పైన్ ఆకులతో రోగాల ముసలిదాని బొమ్మ చేసి కూడలిలో నిలబెట్టారు. పంతులు గట్టిగానే చదివాడు. నిప్పు దగ్గర గొంతు తగ్గించబోతే నేను పెంచమన్నాను.

మామగారు ఎడ్లను పైన వేసవి దొడ్డిలో వదిలి పండక్కని వచ్చి ఉన్నారు. "కొట్టంలో కాగడా తిప్పి రోగాన్ని తరిమి, ఆ ముసలిదాన్ని తగలబెట్టే రోజున, రావమ్మా కూర్చో అని దానికి పీట వేయమంటాడా మీ తమ్ముడు?" అన్నారు.

"బంగళాలో ఉండేవాళ్ళకి పండగలేం తెలుస్తాయిలే" అంది బచీసింగ్ తల్లి.

"ఇందులో తర్కం ఉంది" అన్నాడు పంతులు.

"నీ తర్కానికి గొడ్డుందా?" అంది ఆవిడ. పంతులికి గొడ్డు లేదు. (ఈ ముక్క రాయనన్నాడు. రాయకపోతే రేపట్నుంచి పాలు పోయనన్నాను.)

నేను పాత గుడ్డ తీసుకుని వాగు దగ్గరికి పోయాను. అందరూ చూస్తుండగా పగలే పోయాను. చాటుగా పోతే నువ్వు చెప్పింది తప్పుడు పని అయిపోతుంది. అక్కడ బచీసింగ్ గేదె పక్కన కూర్చుని ఉన్నాడు. "ఏం కావాలి వదినా?" అన్నాడు. నీ గేదె చొంగ అన్నాను. తనే దాని తల ఎత్తి పట్టుకున్నాడు. "తీసుకో. దానికి ఇంక దాంతో పనిలేదు" అన్నాడు.

ఇంటికొచ్చి ధౌళీ ముక్కు తుడిచాను, నాలుక తుడిచాను. ఊరంతా కొట్టాల్లో కాగడాలు తిప్పుతుంటే నేను ఆ పని చేశాను. నా కొట్టంలో కాగడా తిప్పలేదు. రెండూ ఒకేరోజు చేయడం నావల్ల కాలేదు.

మర్నాటి నుంచి నన్ను ఊటబావి దగ్గరికి రానివ్వలేదు. నా బిందె తీసి పక్కన పెట్టేవాళ్ళు. వాగు ఎగువ నుంచి మోసుకున్నాను. నన్ను చూసి సూది వేయించిన నాలుగిళ్ళలో ఒక్క ఇల్లు గుడ్డ తీసుకెళ్ళింది, బచీసింగ్ చిన్నాన్నవాళ్ళు. మిగతావాళ్ళు పైకి తోలేశారు.

వారానికి ధౌళీకి జ్వరం వచ్చింది. నెమరు ఆపింది, కళ్ళు కారాయి. అప్పుడు నిన్ను తిట్టాను. పంతులు లేడు గనక బతికిపోయావు, లేకపోతే అవీ రాయించేదాన్ని. కొట్టంలోనే పడుకున్నాను. తర్వాత ఒక పొద్దున అది నా జుట్టు నాకుతుంటే మెలకువ వచ్చింది. కడుపు నిలిచింది. కానీ బాగా చిక్కింది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

మామగారు పైనుంచి వచ్చి దాన్ని చూశారు. ఎడ్లు అక్కడ పచ్చగడ్డి మేసి నిగనిగలాడుతున్నాయట. "నువ్వు చేతులారా దాన్ని జబ్బున పడేశావు. నావి చూడు. సూదీ వేయించాం, దూరంగానూ ఉంచాం. సూది మంచిదే, మీ తమ్ముడికి రాయి, నేను ఒప్పుకున్నానని. ఆ తుడవడమే పిచ్చి" అన్నారు. రెండు వారాలే ఉంటుందట అన్నాను. "కళ్ళముందు నాలుగు కాళ్ళమీద నిలబడి ఉన్నాయి, కాగితం చూడమంటావేమిటి?" అన్నారు.

గోధుమ దున్నకానికి వాటిని దించుతానంటున్నారు. కిందివాడలో ఇంకా జబ్బు ఉంది.

జసులి


కొండమీది ల్యాబొరేటరీ
16 అక్టోబరు 1909

అక్కా,

మామగారు సూదిని ఒప్పుకోవడం నాకు భయంగా ఉంది. ఒప్పుకోకముందే నయం, అప్పుడు ఎడ్లను పైనే ఉంచేవారు.

గోరా, ఖైరాల అరువు తీరిపోయింది. వాటిలో ఇప్పుడు ఏమీ లేదు. అవి నిగనిగలాడుతున్నది పచ్చగడ్డివల్ల, సీరంవల్ల కాదు. కిందికి దించాలంటే ముందు మళ్ళీ సూది వేయించాలి, తర్వాత మళ్ళీ గుడ్డ. హమీదుల్లా నది అవతలి ఊళ్ళలో ఉన్నాడు, అతనికి కబురు పంపాను. అతను వచ్చేవరకు దున్నకం ఆపమని మామగారి కాళ్ళు పట్టుకుని చెప్పు. నా తరఫున కూడా పట్టుకో.

గోధుమ ఆలస్యమైతే పంట తగ్గుతుంది. ఎడ్లు పోతే వచ్చే ఏడూ ఉండదు.

ఖీమ్‌సింగ్


సిల్‌ఖేత్
1909 నవంబరు, కార్తికం

ఖీమూ,

నీ ఉత్తరం వచ్చేసరికి గోరా, ఖైరా కొట్టంలో ఉన్నాయి. అంతకు వారం ముందే దించారు. మామగారు వాటిని ఎవరి పశువులతోనూ కలవనివ్వలేదు, విడిగా కట్టి విడిగా మేపారు. కానీ తాగింది ఊటబావి కింద అందరి పశువులూ తాగే తొట్టిలోనే. ఉత్తరం చదివాక మళ్ళీ పైకి తోలబోతే ఖైరా మెట్టు ఎక్కలేకపోయింది. అప్పటికే కళ్ళు కారుతున్నాయి.

ఖైరా ముందు పోయింది. గోరా దాని వెనకే పోయింది. హమీదుల్లా వచ్చేసరికి గుంట తవ్వుతున్నాం. అతను కూడా ఒక చెయ్యి వేశాడు.

మామగారు "నేను వాటిని బాగా చూసుకున్నాను" అన్నారు. అంతే అన్నారు. నిజమే, బాగా చూసుకున్నారు.

పైకి తోలినవాళ్ళ పశువులు ఒక్కొక్కటే దిగాయి, చాలావరకు పోయాయి. ధౌళీ, బచీసింగ్ చిన్నాన్నవాళ్ళ జత ఆ జబ్బువాటి మధ్యే తిరిగాయి, వాటికేం కాలేదు. ఈసారి హమీదుల్లా సూది వేస్తే, మిగిలిన పశువులున్న వాళ్ళంతా వేయించారు. వెళ్ళబోతుంటే బచీసింగ్ తల్లి ఆపింది. "వేసి పోవడం కాదు, ఏం చేయాలో, ఎందుకు చేయాలో చెప్పు. ఈసారి మావాడి కర్ర నా దగ్గరుంది" అంది. కూర్చుని చెప్పాడు. టీ కూడా తాగాడు.

చేను దున్నడానికి ఎడ్లు లేవు. చిన్నాన్నవాళ్ళ జత ఊరంతటికీ చాలదు. ఆడవాళ్ళం కలిసి పలుగులతో తవ్వుతున్నాం. ముందుగా పలుగు పట్టుకుని మా చేలోకి దిగింది బచీసింగ్ తల్లే. అంతకుముందు నుంచే ఊటబావి దగ్గర నా బిందె ఎవరూ పక్కకు తీయడం లేదు. తీయడం మానేశామని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పైమళ్ళు ఈ ఏడు బీడే. మీ బావకు రాయించాను, సెలవు దొరికితే సంత నుంచి జత తెస్తానన్నాడు.

గుత్తేదారు వచ్చాడు. ధౌళీని అటూ ఇటూ తిప్పి చూసి వద్దన్నాడు. రోగం చూసిన పశువు బంగళావాళ్ళకు పనికిరాదట. మామగారు చాలాకాలానికి నవ్వారు. "విన్నావా, ఇది ఎందుకూ పనికిరాదు" అని అందరికీ చెబుతున్నారు.

నీ మీద కోపం పోయిందా అని అడగకు. అమ్మ గంట పంపు.

జసులి


కొండమీది ల్యాబొరేటరీ
20 డిసెంబరు 1909

అక్కా,

గంట పంపుతున్నాను. కొట్టంలోకి వెళ్ళిన ఏ వస్తువూ ఉడకబెట్టకుండా గేటు దాటకూడదు. గంటను సీరం సీసాలతో కలిపి ఆవిరి పెట్టెలో పెట్టాను. తోలుపట్టీ ఉడకదు గనక కాల్చేయాల్సి వచ్చింది.

సిల్‌ఖేత్ సంగతి డాక్టరు దొరగారికి చెప్పాను. "ఆవు బతికిందా?" అన్నారు. బతికింది అన్నాను. "ఎడ్లు?" లేదన్నాను. "హమీదుల్లా వాళ్ళకు కారణం ఎందుకు చెప్పలేదు?" అన్నారు. "కర్ర ఎత్తారండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. ఇకనుంచి సూది తీయకముందే కారణం చెప్పాలని అసిస్టెంట్లందరికీ హుకుం చేశారు. హమీదుల్లా ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ముందు పొయ్యిలో నిప్పు సంగతి చెబుతున్నాడట. ఆ మాట మీ వాకిట్లోంచే పట్టుకెళ్ళాడు.

ధౌళీ ఈనితే దూడకు తల్లి బలం కొన్నాళ్ళే ఉంటుంది. పాలు మరిచాక దానికీ సూది, గుడ్డ కావాలి. దగ్గరలో జబ్బు ఉన్నప్పుడే వేయించాలి, లేనప్పుడు వేయిస్తే వృథా. కష్టమైన లెక్కే. ఇక్కడ ఇంతకంటే మంచిది ఇంకా కనిపెట్టలేదు.

కోపం సంగతి అడగను.

ఖీమ్‌సింగ్


సిల్‌ఖేత్
1910 ఫిబ్రవరి, మాఘం చివర

ఖీమూ,

ధౌళీ ఈనింది. కోడెదూడ. మచ్చ లేదు, తల్లిలాగా ఒళ్ళంతా తెలుపు. మామగారు జనపనార పేని కొత్త పట్టీ చేసి గంట కట్టారు. ఉడికినా దాని మోత మారలేదు. కొట్టంలో అది మోగితే మొదట్లో నేను పని ఆపి వినేదాన్ని. ఇప్పుడు ఆపడం లేదు.

మీ బావ సెలవు మీద వచ్చి జత కొన్నాడు. ముసలి ఎడ్లు. ఎప్పుడో పెద్దరోగం దాటినవే కావాలని సంతంతా తిరిగాడట. అమ్మేవాళ్ళు "మా పశువుకు జబ్బే రాలేదు" అని ప్రమాణం చేస్తుంటే ఇతను "అయితే వద్దు" అన్నాడట. పిచ్చివాడనుకున్నారు.

గుత్తేదారు మనిషి మళ్ళీ మన లోయలో తిరుగుతున్నాడు. పై ఊళ్ళలో దూడలు కొంటున్నాడు, దొరగారి పొలానికని చెబుతున్నాడు. నేను చాలా ఆలోచించాను. ఆ దూడలు లేకపోతే సీసాలు లేవు, సీసా లేకపోతే ధౌళీ లేదు. కాబట్టి కొనొద్దని చెప్పలేను. కానీ వాళ్ళు కూడా నాలాగే గంట కట్టి పంపుతుంటారు. ఏం పని చేయిస్తారని అడగడానికి వాళ్ళకు అక్కడ తమ్ముడు లేడు.

ఇక మీద మందలో ఏ దూడ మెడలోనైనా గంట కనిపిస్తే, విప్పే ముందు అది ఏ ఊరిదో అడుగు. ఆ ఇంటికి ఉత్తరం రాయి. నాకు రాసినట్టే రాయి. తిడతారు. తిట్టనీ. పంతులు "చాలా ఉత్తరాలవుతాయమ్మా" అంటున్నాడు. అవనీ.

నీ అక్క
జసులి

(ఏ ఊళ్ళోనైనా చదివేవాళ్ళు లేకపోతే నేను వెళ్ళి చదువుతాను. ముందు నాలో నేను చదువుకోను. లోహనీ.)


కొండమీది ల్యాబొరేటరీ
9 మార్చి 1910

అక్కా,

మొన్న వచ్చిన మందలో ఒక్క దూడకే గంట ఉంది. తోలుకొచ్చినవాణ్ణి అడిగితే ఊరు చెప్పాడు. రాత్రికి ఉత్తరం రాసి పొద్దున హెడ్ అసిస్టెంటుకు చూపించాను. "ఇలా రాస్తే దూడలు అమ్మడం మానేస్తారు" అన్నాడు. కొందరు మానేస్తారన్నాను. తిరిగి నా చేతికిచ్చి "నేను చూడలేదు" అన్నాడు. టపాలో వేశాను. నువ్వు చెప్పినట్టు రాశానో లేదో చూసుకోవడానికి కింద మళ్ళీ రాస్తున్నాను. పంతులుగారిని గట్టిగా చదవమను.

"బూంగా ఊళ్ళో, ఎర్ర దూడను గుత్తేదారుకు అమ్మిన ఇంటివారికి.

మీ దూడ ఇక్కడికి క్షేమంగా చేరింది. దాని కుడిచెవి కొస చీలి ఉంది, మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ పొలం లేదు. పెద్దరోగానికి మందు చేయడం కోసం దానికి ఆ రోగం ఎక్కిస్తారు. అది బతకదు. దానివల్ల తయారైన మందు ఎప్పుడైనా మీ ఊరికి వస్తే మీ పశువులకు వేయించండి. వేయించిన వెంటనే వాటిని జబ్బు పశువుల పక్కన కట్టండి, దూరంగా తోలకండి. ఎందుకని అడిగితే వివరంగా రాస్తాను. నమ్మకం కుదరకపోతే సిల్‌ఖేత్‌లో మా అక్క జసులిని అడగండి, ఆమెకు రెండు విధాలూ తెలుసు.

మేత బాగానే తింటోంది. దానికి ఏమి ఇష్టమో రాస్తే పెడతాను. గంట నా దగ్గర ఉంది. ఉడకబెట్టి పంపుతాను."

ఖీమ్‌సింగ్